మబ్బుల పేజీ

తాడిపత్రి బస్టాండు వెనక వీధిలో చౌడేశ్వరి నడిపిన ఇంటర్నెట్ సెంటరులో ఒకటే కంప్యూటర్. కొన్నది ఆమె భర్త తిప్పేష్. అంతకుముందు ఆ సెంటరు ఎస్టీడీ బూతు. నెట్ చూసేందుకు మిషన్‌తో పాటు వచ్చిన ఎక్స్‌ప్లోరర్ అందరికీ చాలినా, తిప్పేష్ బెంగళూరులో ఎవరో ఇచ్చిన సీడీ నుంచి నెట్‌స్కేప్ కూడా ఎక్కించాడు. దాని గుర్తు ఓడ చక్రం. సముద్రం చూడని మనిషికి అదెందుకు నచ్చిందో ఆమె అడగలేదు.

గిరాకీకి ఎక్స్‌ప్లోరర్ తెరిచి ఇచ్చేవాడు. తను మాత్రం నెట్‌స్కేప్‌లో రోజూ ఒక పేజీ చూసేవాడు. ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు అందులో తేదీల వారీగా ఉండేవి. తెరవని తేదీ నీలంగా, తెరిచిన తేదీ ఊదాగా కనిపించేది. శెనక్కాయ విత్తనానికి నేల తడిసే పదును దొరుకుతుందా అని అడిగే రైతులకు ఆ బొమ్మలు చూపేవాడు. మబ్బు ఎప్పుడూ కర్ణాటక మీదే ఉండేది.

"ఏమప్పా తిప్పేషూ, మబ్బుక్కూడా మన జిల్లా అంటే బయమా?" అని ఎగతాళి చేసేవారు.

రెండువేల ఒకటి వేసవిలో బండల లారీ గుద్ది తిప్పేష్ చనిపోయాడు. కర్మలు ముగిసే పెద్దదినం సాయంత్రం దీపం పెట్టిన గదిలో జొన్నపిండి పలచగా జల్లి, గంప బోర్లించి, తలుపు మూశారు. పోయిన మనిషి ఇంటికి వచ్చి వెళితే తెల్లారేసరికి పిండిలో పక్షి కాలో, పాము జాడో, పసిపాదమో కనిపిస్తుందని వాళ్ల నమ్మకం. పొద్దున్నే తిప్పేష్ తల్లి నల్లమ్మ గంప ఎత్తింది. పిండి జల్లింది జల్లినట్టే ఉంది. ఇంటికి రాలేదంటే ఎక్కడో తిరుగుతున్నాడని, ఏదో పట్టుకుని ఆపుతోందని పెద్దవాళ్లు అన్నారు.

చౌడేశ్వరి సెంటరు తిరిగి తెరిచింది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మబ్బుల పేజీ చూసింది. భర్త బతికున్నప్పటి తేదీలు ఊదాగా ఉన్నాయి. ఆ తర్వాతి తేదీలూ ఊదాగానే ఉన్నాయి, నిన్నటిదాకా.

మిషన్లు బాగుచేసే సుబ్బన్న తిప్పేష్‌కు స్నేహితుడు. ఎవరో గిరాకీ తెలియక నొక్కి ఉంటారని చెప్పాడు. ఆమె ఓడ చక్రాన్ని తెర మీద కనిపించకుండా తీయించింది. సెంటరు తాళంచెవి కొంగున కట్టుకుంది. గిరాకీ కూర్చున్నంతసేపూ పక్కనే నిలబడింది. వారం తర్వాత మిషన్ లోపల వెతికి నెట్‌స్కేప్ తెరిస్తే, ఆ వారం తేదీలన్నీ ఊదా. ఎవరికీ చెప్పకూడదనుకుంది గానీ అన్నం దగ్గర అత్తతో అనేసింది. మరునాటి నుంచి నల్లమ్మ సెంటరుకు వచ్చి కూర్చోసాగింది. తెర వైపు చూసేది కాదు. ఖాళీ కుర్చీ వైపు చూసేది.

ఆ ఏడు ఆషాఢం దాటినా చినుకు లేదు. పరీక్షల ఫలితాలు చూడాలంటే కొత్త ఎక్స్‌ప్లోరర్ ఉండాలని పిల్లలు వేరే సెంటరుకు పోతున్నారు. సుబ్బన్న సీడీతో వచ్చాడు. మిషన్‌లో చోటు చాలదనీ, నెట్‌స్కేప్ తీసేస్తేనే కొత్తది ఎక్కుతుందనీ అన్నాడు.

"నా కొడుకు ఇంటికి రాలే," అంది నల్లమ్మ. "ఈడికే వస్తాండాడు. ఇదీ తీసేస్తే యాడికి పోతాడు మే?"

సెంటరు మూతపడితే చౌడేశ్వరికి వేరే బతుకు లేదు. కానీ ఆమె చెప్పింది ఆ మాట కాదు.

"ఇది ఉంటే వాన కనపడేదాకా ఈడే కూర్చుంటాడత్తా. మన సీమకు ఎప్పుడు రావాల వాన?"

నల్లమ్మ లేచి వెళ్లి గడప మీద కూర్చుంది. తీసేయమని చౌడేశ్వరి సుబ్బన్నకు తల ఊపింది. తెర మీద గీత మెల్లగా నిండింది. ఓడ చక్రం మిషన్‌లోంచే పోయింది.

"తీసేసినారా?" బయటికి చూస్తూనే అడిగింది నల్లమ్మ.

"తీసేసినాం."

నల్లమ్మ కాళ్లు ముడుచుకుంది. చీర చెరగు దగ్గరికి లాక్కుని, ఒక మనిషి పట్టేంత దారి వదిలి గోడకు ఒత్తిగిలింది. సంచి తీసుకుని బయల్దేరబోయిన సుబ్బన్నను చౌడేశ్వరి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఉండన్నా," అంది. "ముందు ఆయప్పను పోనీ."