ఎవరి మూర, ఎవరి పిక్సెల్

మా నాన్నకు నాచారంలో లేసులు, రిబ్బన్లు, జాకెట్టు లైనింగులు అమ్మే కొట్టు ఉంది. కౌంటర్ అంచున రెండు ఇత్తడి మేకులు కొట్టి ఉంటాయి. వాటి మధ్య దూరం సరిగ్గా మీటరు. లేసును ఒక మేకు నుంచి రెండో మేకుకు లాగి కత్తిరించడమే. నేను ఆ కౌంటర్ పక్కనే పెరిగాను. బేరమాడడం నాకెవరూ నేర్పలేదు, నడక వచ్చినట్టే వచ్చింది.

తొమ్మిదేళ్ల వయసులో ఒక రహస్యం కనిపెట్టాను. మా దగ్గర మల్లెపూలు మూరల్లెక్కన అమ్ముతారు. మూర అంటే అమ్మేవాళ్ల మోచేతి నుంచి వేలి కొస దాకా. ధర ఒక్కటే, చేతులు ఒక్కటి కావు. అందుకని కొట్టుకు ఎదురుగా కూర్చునే పూలక్కను వదిలేసి, సందు చివరి పొడుగు చేతుల ఆయన దగ్గరికి అమ్మను లాక్కెళ్లేదాన్ని.

"నా చెయ్యి పొట్టిదే గానీ కన్ను పొట్టిది కాదే! సూస్తనే ఉన్న నిన్ను!" అని అరిచేది పూలక్క.

ఇన్నేళ్లకు, ఉద్యోగం మానేసి సొంతంగా యాప్‌లు డిజైన్ చేస్తానని బయల్దేరిన నాకు మొదటి కస్టమరు ఆ పూలక్కే. ఇప్పుడామెకు షట్టరున్న దుకాణం ఉంది. శ్రావణ శుక్రవారం వస్తోందంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది.

"చెవి కాడ ఫోను, చేతుల దారం. ఎట్ల అల్లాలె బిడ్డా? ఆర్డర్లు వాటంతటవే వచ్చి పడేటట్టు ఏదన్న జెయ్యి. బుధవారం దాకా సూస్త. కాలేదా, ఏఎస్ రావు నగర్‌ల ఒకాయన ఉన్నడట, ఆయనకిస్త."

అక్క వేరేవాళ్లకిస్తే సాయంత్రానికల్లా ఆ సంగతి వీధంతా తెలుస్తుంది. ఆ తర్వాత నన్ను నమ్మి యాప్ చేయించుకునేవాళ్లు నాచారంలో ఉండరు. అందుకని రంగంలోకి దిగాను, నా కొత్త ఫోన్‌తో.

ఆ ఫోన్ గురించి కాస్త చెప్పుకోవాలి. ఉప్పల్‌లో సెకండ్ హ్యాండ్ అమ్మే అతన్ని గంటన్నర సతాయించి కొన్నాను. అదే సైజు తెర, అదే ధర, కానీ అడ్డంగా పద్నాలుగు వందల నలభై పిక్సెళ్లు! పక్కనున్న ఫోన్‌కు అందులో సగమే. ఒకటికి రెండు కొట్టేశానని ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. యాప్‌లో ప్రతిదాన్నీ ఆ ఫోన్ మీదే, పిక్సెళ్లు లెక్కబెట్టి మరీ పెట్టాను. ఆర్డర్ బటన్ ఎడమ అంచు నుంచి సరిగ్గా వెయ్యో పిక్సెల్ దగ్గర మొదలు.

మంగళవారం అక్క ఫోన్‌లో యాప్ ఎక్కించాను. మొదటి గొడవ కొలత మీద.

"మీటరు అని రాసినవేంది? పూలు మూరల అమ్ముతరు."

"ఫోన్‌ల జూసి కొనేటోళ్లకు నీ చెయ్యి కనబడది గదా అక్కా. ఎవరి మూర అని అడుగుతరు" అన్నాను, గొప్ప జ్ఞానం పంచుతున్నదానిలా.

అక్క మూతి తిప్పి తెర చూసింది. చేమంతి దండ సగమే కనిపిస్తోంది. అక్షరాలు ఒక్కొక్కటి ఇడ్లీ అంత ఉన్నాయి.

"ఆర్డర్ ఏడ నొక్కాలె?"

"కుడివైపు కింద."

"కుడివైపు కింద నా బొటనవేలున్నది."

వేలు తీయించాను. బటన్ లేదు. ఎలా ఉంటుంది? అక్క తెర ఏడు వందల ఇరవయ్యో పిక్సెల్ దగ్గరే అయిపోయింది. నా బటన్ వెయ్యో దాని దగ్గర, అంటే తెర బయట ఎక్కడో గాలిలో ఉంది.

"నీ ఫోన్ పాతది అక్కా, కొత్తది కొను" అన్నాను సిగ్గు లేకుండా.

"నువ్వు దేనితోని కొలిసినవ్?"

"పిక్సెల్‌తోని."

"ఎవరి పిక్సెల్?"

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. పిక్సెల్ అంటే తెర మీది చుక్క. ఒకే వెడల్పులో రెట్టింపు చుక్కలు పట్టాయంటే ఒక్కో చుక్క సగమే ఉందని. ఒకే పొడవులో ఎక్కువ మూరలు వచ్చాయంటే చెయ్యి పొట్టిదని. తొమ్మిదేళ్లప్పుడు తెలిసిన ముక్క, ముప్పై ఏళ్లకు తట్టలేదు.

"రేపు సాయంత్రం దాకా బుధవారమే గద అక్కా?"

"బేరం మొదలువెట్టినవ్! సరే, దీపం వెట్టే దాక."

మరునాడంతా మేకులు కొట్టాను. మా రంగంలో మీటరు మేకుల్లాంటి కొలత ఒకటుంది, డీపీ అంటారు. బటన్ ఎత్తు నలభై ఎనిమిది డీపీ అని రాస్తే, ఎన్ని చుక్కలు వాడాలో ఏ ఫోన్‌కు ఆ ఫోనే లెక్క వేసుకుంటుంది. నా ఫోన్ నూట అరవై ఎనిమిది చుక్కలతో గీసింది, అక్కది తొంభై ఆరుతో. వేలి కింద రెండూ ఒక్కటే. బటన్‌ను ఎడమ నుంచి లెక్కించడం మానేసి కుడి అంచుకే కట్టేశాను. అక్షరాలకు ఎస్పీ అనే ఇంకో కొలత వాడాను. అది డీపీకి కొసరు వేసినట్టు: చూపు ఆనక ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకు ఆ మేరకు పెరుగుతుంది.

ఈసారి నా ఫోన్‌ను నమ్మలేదు. నాన్న ఫోన్, టీకొట్టు అన్న ఫోన్, మల్లాపూర్ వర్క్‌షాప్ నుంచి మా కొట్టుకు దారాల కోసం వచ్చిన మామ పగిలిన ఫోన్, అన్నీ అడుక్కుని చూశాను. అన్నింట్లో బటన్ బొటనవేలి కింద బుద్ధిగా కూర్చుంది.

దీపం వేళకు అక్క చేతిలో ఫోన్ పెట్టాను. ఎదురుగా మా కొట్టులోంచి అమ్మ బటన్ నొక్కింది. అక్క ఫోన్ టింగుమంది. "మల్లెలు, ఒక మీటరు."

"మీటరంట!" అని నవ్వుతూ అక్క తన పొట్టి చేత్తో రెండు మూరలు కొలిచింది, ఎప్పటిలాగే చివర ఇంకాస్త వదిలి తుంచింది. "పో, మీ మేకుల కాడ పెట్టి సూడు."

పెట్టాను. దండ రెండో మేకును దాటి జానెడు వేలాడింది.

"పొడుగు చేతులాయన పూలు గుర్తున్నయా?" అన్నాడు నాన్న, నవ్వు ఆపుకుంటూ. "రెండు మూరలు ఈ మేకుకు నాలుగు వేళ్ల ఇవతలనే ఆగేటివి. కొసరు ఎన్నడన్న ఇచ్చిండా?"

ఇవ్వలేదు. నేను చెయ్యి చూశాను, కొసరు చూడలేదు. చిన్నప్పుడంతా నష్టానికి బేరమాడి, గెలిచానని ఎగిరానన్నమాట.

గురువారం వెళ్లేసరికి అక్క రెండు చేతులా దండ అల్లుతోంది. ఫోన్ పక్కన పడి ఉంది, ఎవరూ మాట్లాడకుండానే టింగుటింగుమంటోంది.

"చెవులు ఊరికే ఉన్నయే" అంది, స్టూలు నా వైపు తోస్తూ. "జర కూసొని ఏదన్న చెప్పు."

కూర్చున్నాను. ముందు కొసరు పూలు ఇస్తేనే కబుర్లు చెప్తానన్నాను.