నాలుగంగుళాల అతుకు

నోటినిండా గుండుసూదులు పెట్టుకుని, ఒక్కటీ మింగకుండా వీధినంతా నవ్వించగల మొనగాడు భూమ్మీద ఒక్కడే: టైలర్ బాబాయి. కావాలంటే పందెం! అలాంటివాడికి ఆ ఉదయం గుటక పడటం లేదు.

కారణం వారపత్రిక. అందులో మారుపేరుతో వ్యంగ్యం రాసేది ఆయనే. భార్యకు తప్ప పురుగుకు కూడా తెలియదు. ఈ వారం మార్కెట్ సంఘం ప్రెసిడెంటు మీద రాశాడు: దుకాణాల కప్పులు కారుతుంటే ఆయన నడుము మాత్రం ఏటా పెరుగుతోందనీ, ఇప్పటికి నలభై ఆరు అంగుళాలైందనీ, వానొస్తే ఊరంతా ఆ బొజ్జ కిందే తలదాచుకోవచ్చనీ.

నలభై ఆరు! ఏనుగంత అని రాసినా పోయేది. కత్తెర పట్టిన చేతికి తప్పుడు కొలత రాయడం చేతకాలేదు.

"ఆ నడుము కొలిచింది మీరొక్కరే కదండీ," అంది భార్య. "తన ఫోటో చూసి నవ్వాడని పక్క సందు చెప్పులాయన కొట్టుకి ఆ ప్రెసిడెంటు తాళం వేయించాడు. మనల్ని బతకనిస్తాడా?"

బాబాయి పాత టేపులోంచి నాలుగంగుళాల ముక్క కత్తిరించి, కొత్త టేపును మధ్యలో కోసి, ఆ ముక్కను అందులో అతికించి కుట్టాడు. దారం తెంపేలోగా బయట కారు ఆగింది. గబుక్కున రోజూ పెట్టుకునే డజను సూదులూ నోట్లో వేసుకున్నాడు.

ప్రెసిడెంటు పత్రికను బల్ల మీద విసిరాడు. "కొలువు. నలభై ఆరొచ్చిందా, రాసింది నువ్వే. ఒరేయ్ డ్రైవరూ, అంకె నువ్వు చూడు. వీణ్ని నమ్మను."

టేపు నడుము చుట్టూ తిరిగింది. అతుకు సరిగ్గా వీపు వైపుకొచ్చింది. డ్రైవరు ముందు అంకె చూసి, తర్వాత అటే వెళ్లాడు. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా అంకెలు రెండుసార్లు! డ్రైవరు ఆ కుట్టును వేలితో తడిమాడు. మిషను ఆపేసినా టకటకా చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది తన గుండేనని బాబాయికి ఆలస్యంగా తెలిసింది.

"నలభై రెండు, సార్."

"చూశావా! పచ్చి అబద్ధాలకోరు, ఎవడో వెధవ!" ప్రెసిడెంటు బిగబట్టిన ఊపిరి వదిలి, దర్జాగా కారెక్కాడు.

డ్రైవరు మాత్రం ఆగాడు. "పై వారం కారు సీటు మీద రాయి బాబాయ్. ఎంత కుంగిందో కొలతలు నేనిస్తా."

బాబాయి రెండు చేతులూ జోడించి తల అడ్డంగా ఊపాడు.

"రాయవా? సరే, నీ ఇష్టం," అంటూ డ్రైవరు టేపును నెమ్మదిగా చుట్టి తన జేబులో వేసుకున్నాడు.

కారు వెళ్లాక బాబాయి నోట్లో సూదులన్నీ అరచేతిలోకి తీసి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

ఒకటి తగ్గింది.