గడప దాటని పాలు

క్రాన్‌బర్న్‌ అనే పరాయిదేశపు ఊళ్లో మా పక్కింటి ఐర్లండ్ పెద్దావిడ ఎవరొచ్చినా తలుపు సగమే తీసి, రెక్క పట్టుకుని మాట్లాడేది. మా గృహప్రవేశం నాడు పొంగించాల్సిన పాలు ఒలికిపోయాయి. ముహూర్తం దాటిపోతోందని ఆవిడ దగ్గరికే పరుగెత్తాను.

"ఇవాళ మే ఒకటి. మా పల్లెలో ఈ రోజు పాలు గడప దాటించరు. మా అమ్మ ఒకసారి దాటించింది. ఆ ఏడాది మా ఆవులన్నీ వట్టిపోయాయి" అంది.

కొత్తింట్లో పాలు పొంగితేనే మాకు శుభమని చెప్పాను. చివరికి ఆవిడ జగ్గులో పాలు పోసి, ఇంటి అదృష్టం పాల వెంట పోకుండా చిటికెడు ఉప్పు వేసి ఇచ్చింది.

పాలు పొంగాయి. సంగతి విన్న అత్తయ్య, "తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదమ్మా. ఆవిడ పాడి ఆవిడింటికే చేరాలి" అంటూ పొంగిన పాలతో జగ్గు నింపింది.

నేను తీసుకెళ్లిన జగ్గును పక్కింటావిడ రెండు చేతులా అందుకుంది. వదిలేసిన తలుపు పూర్తిగా తెరుచుకుంది.