యాభై కొసరు పొరకలు

ప్రభుత్వానికి చీపుర్లు అమ్ముదామనే పాడు బుద్ధి నాకెందుకు పుట్టిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను. మా వైపు చీపురును పొరక అంటారు. అనంతపురంలో నాకొక చిన్న దుకాణం ఉంది. ఫినాయిల్, సబ్బుపొడి, బకెట్లు, గుడ్డలు, పొరకలు, ఇల్లు కడిగి ఊడ్చుకోవడానికి ఏవి కావాలన్నా నా దగ్గర దొరుకుతాయి. అన్నీ హోల్‌సేల్ దుకాణం నుంచి తెచ్చేవే, ఒక్క ఈత పొరకలు తప్ప. అవి ఉరవకొండ దగ్గర ఒక పల్లె నుంచి వస్తాయి. అక్కడ ఆరుగురు ఆడవాళ్ళు ఈతమట్టలు కోసుకొచ్చి, ఎండబెట్టి, కొట్టి చీల్చి, పిడి బిగించి కడతారు. ఆరుగురిలోకీ పెద్దావిడను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె కట్టిన పొరకలు అమ్ముతున్నాను, అంతే.

ఆ ఏడు వానల్లేక శెనక్కాయ చేలు ఊడలు దిగకముందే మాడిపోయాయి. ఒకరోజు పెద్దమ్మ రెండు కట్టలు నెత్తిన పెట్టుకుని దుకాణానికి వచ్చి, గడప మీద కూలబడి మోకాలు ఒత్తుకుంటూ చెప్పింది.

"మేమారుమందీ బెంగుళూరికి పోతాండాము పాపా. బిల్డింగు పని ఉండాదంట. ఇటుకలు మోసేది."

"ఈ మోకాలితోనా?"

"మోకాలు నొప్పని కడుపు ఊరుకుంటాదా? నువ్వు నెలకు నాలుగు కట్టలు తీసుకుంటే ఆరిండ్లోళ్ళం యాడ బతికేది?"

అరవై దాటిన మనిషి. ఆమె ఇటుకల తట్టతో మూడో అంతస్తు ఎక్కడం నా కళ్ళముందు కనిపించింది. నోరు ఊరుకోలేదు. "నువ్వు యాడికీ పోవద్దు పెద్దమ్మా. పెద్ద ఆర్డర్ తెస్తా. రెండు నెలలు ఆగు" అనేశాను. ఆమె నన్ను నమ్మింది. అదీ నా ఖర్మ.

నా మనసులో ఉన్నది ఊళ్ళోనే ఉన్న ఒక పెద్ద ప్రభుత్వ కార్యాలయం. నా దుకాణం నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. వాళ్ళకు గదులెన్నో, వరండాలెన్నో, ఊడ్చేవాళ్ళెందరో నాకు తెలుసు. ఒక పొరక చేతపట్టుకుని వెళ్ళి స్టోర్‌కీపర్‌ను కలిశాను. ఆయన దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

"ఈడ చేతికిస్తే తీసుకునేది లేదమ్మా. అంతా కంప్యూటర్లోనే. దేశమంతటికీ ఒకటే అంగడి. నువ్వూ దాంట్లోకే పోయి వెయ్యాల."

అంటే ఐదు నిమిషాల దారి ఢిల్లీ మీదుగా వెళ్తుందన్నమాట. సరే, పోదాం అనుకున్నాను.

ఆ జాతీయ అంగడిలో నమోదు కావడానికి పట్టిన తిప్పలు చెప్పను, చెబితే నాకే మళ్ళీ ఒళ్ళు మండుతుంది. అయితే ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. సరుకు వివరాల దగ్గర 'బ్రాండు, మోడల్ నంబరు' అని అడిగింది. వాగు గట్టున పెరిగిన ఈతచెట్టుకు మోడల్ నంబరు! ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. చివరికి బ్రాండు దగ్గర నా దుకాణం పేరు, మోడల్ దగ్గర 'ఒకటి' అని కొట్టాను. యంత్రం సంతోషంగా ఒప్పుకుంది. అబద్ధం చెప్పేదాకా నిజం చెప్పనివ్వని అంగడి అది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే దుకాణం తెరవగానే టీ పక్కన పెట్టుకుని ఫోన్‌లో వెతకడమే పని. చీపుర్లు కావాలని దేశంలో ఎక్కడెక్కడి వాళ్ళో అడిగేవారు. ఆశగా తెరిస్తే లోపల కొలతలుండేవి. పిడి నీలిరంగే ఉండాలి. ఆ పిడి పొడవు పదిహేడున్నర సెంటీమీటర్లే ఉండాలి. పిడి చివర వేలాడదీసే కొక్కెం ఉండాలి. పెళ్ళికూతుర్ని ముందే ఖాయం చేసుకుని వధువు కావలెను అని ప్రకటన ఇచ్చినట్టు, ఏదో ఒక కంపెనీ చీపురును బల్ల మీద పెట్టుకుని, స్కేలుతో కొలిచి రాసినవి అవన్నీ. అడ్డంగా దొరికిపోయే ఈ మోసాన్ని ఇంత శుభ్రమైన అక్షరాలతో, ఇన్ని నిబంధనల మధ్య పెట్టి, కింద 'అందరికీ సమాన అవకాశం' అని రాయడం చూస్తే వాంతి వచ్చేది. అయినా మర్నాడు మళ్ళీ వెతికేదాన్ని. పెద్దమ్మకు మాటిచ్చాను కదా.

రెండు నెలలు నిండవస్తున్నాయనగా దొరికింది. 'సహజ నార చీపుర్లు, వెయ్యి. ఏ రకమైనా సరే.' ఎక్కడికి అందించాలా అని చూస్తే మా ఊరి ఆ కార్యాలయానికే. ధర వేశాను. ఎక్కడో ఉత్తరాది నుంచి ఒకరు నాకన్నా తగ్గించారు. నేను ఇంకొంచెం తగ్గించాను. చివరి పది నిమిషాలు ఫోన్ మీద నుంచి కళ్ళు తీయలేదు. దుకాణానికి వచ్చిన మనిషిని కూడా ఆగమని కసిరాను. నాకే వచ్చింది.

పెద్దమ్మకు ఫోన్ చేసి చెబితే అవతల నుంచి ఆరుగురూ ఒక్కసారే మాట్లాడారు. ఇరవై రోజుల్లో వెయ్యి పొరకలు కట్టారు. ట్రాలీ ఆటోలో యాభై కట్టలు దిగాయి. కట్టకు ఇరవై. కొత్తగా, నిగనిగలాడుతూ, ఒక్క పుల్ల వదులు లేకుండా ఉన్నాయి. ఇన్‌వాయిస్‌లో వెయ్యి అని రాసి, అదే ఆటోలో ఐదు నిమిషాల్లో గోడౌన్‌కు చేర్చాను.

స్టోర్‌కీపర్ ఒక కట్ట విప్పించి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇంకో కట్ట విప్పించాడు. మొహం మారింది.

"ఏమ్మా, ఇరవై ఒకటుండాయి ఈడ."

అప్పుడు గాని నాకు వెలగలేదు. కొసరు! ఇరవై ఏళ్ళుగా ప్రతి కట్టలోనూ ఇరవై ఒకటే వస్తున్నాయి. ఇరవైకి ధర, ఒకటి కొసరు. అది లెక్కలోకి వచ్చే వస్తువని నేను ఏనాడూ అనుకోలేదు, వాళ్ళూ అనుకోలేదు. పెద్దమ్మ చిన్నప్పుడు ఒకసారి వాళ్ళ అమ్మను ఎవరో అడిగారట, ఈ కరువులో కొసరెందుకని. "కొసరు పెట్టకపోతేనే కరువొచ్చినట్టు" అందట ఆవిడ. అలాంటి ఇండ్లలో కట్టిన కట్టలు ఇంకెలా ఉంటాయి?

"అవి కొసరన్నా. కట్టకొకటి తీసేస్తే సరిపాయ" అని చెయ్యి పెట్టబోయాను.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడాయన. "రేపు తక్కువైనాయంటే నా మెడకు చుట్టుకుంటాది. నేను పైకి రాసి పంపిస్తా."

రాసి పంపించాడు. ముగ్గురు మనుషులు వచ్చి, యాభై కట్టలూ విప్పి, నేల మీద కుప్పపోసి, వెయ్యిన్నీ యాభై అని తేల్చారు. ఆ ఫైలు పదిహేను రోజులు బల్లల మీద తిరిగింది. పదహారో రోజు ఫోన్‌లో సందేశం వచ్చింది. పరిమాణం సరిపోలనందున సరుకు తిరస్కరించడమైనది.

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. గంటన్నర నిలబెట్టాక అధికారి లోపలికి పిలిచాడు. ఆయన మా ప్రాంతం మనిషి కాదు. కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

"అడిగిందానికంటే ఎక్కువ ఎందుకిచ్చారు? ఏ ఉద్దేశంతో?"

"కొసరు సార్. మా వైపు అలవాటు."

"ఆ కొసరు ఏ నిబంధనలో ఉంది?"

ఉన్న నిబంధనలన్నీ రెండు నెలలు చదివాను. లేదు. లెక్క సరిచేసి మళ్ళీ ఇస్తానన్నాను. గడువు దాటిపోయిందన్నాడు. గడువు దాటింది మీ బల్లల మీదే అన్నాను. "వెళ్ళండమ్మా, నాకు పనుంది" అన్నాడు.

నిజం చెబుతున్నాను, లంచం అడిగి ఉంటే ఇంత అసహ్యం వేసేది కాదు. అడిగితే తిట్టుకోవడానికి ఒక దొంగైనా ఉండేవాడు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరి భయం ఇంకొకరి మీదికి తోసుకుంటూ, ఎవరి చేతులు వాళ్ళు తుడుచుకుంటూ, ఆరు కాపురాలను ఒక్క వాక్యంతో కొట్టేశారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళలా కూడా కనిపించలేదు. అదే నాకు మరీ రోత.

సరుకు తిరిగి తెచ్చుకోవడానికి ఆటో తీసుకుని వెళ్ళాను. పొరకలన్నీ ప్లాస్టిక్ తాడుతో అడ్డదిడ్డంగా కట్టి పెట్టారు. సగం వాటి కొసలు విరిగిపోయాయి. స్టోర్‌కీపర్ నా ముందే లెక్కపెట్టించి, వెయ్యి ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు.

"ఇంకో యాభై ఉండాల కదన్నా?"

ఆయన నా ఇన్‌వాయిస్ తీసి, వేలు పెట్టి చూపించాడు. "నువ్వు రాసింది వెయ్యే గదమ్మా. కాగితంలో లేనివి నేనెట్ల తిరిగిచ్చేది?"

ఎగతాళి చేయడం లేదు. ఆ మనిషి నిజంగానే అలా అనుకుంటున్నాడు. వెయ్యిన్నీ యాభై ఉన్నాయని తిరస్కరించారు, వెయ్యే ఉన్నాయని తిరిగిచ్చారు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన ఓపిగ్గా విని, సంతకం ఎక్కడ పెట్టాలో మళ్ళీ చూపించాడు. పెట్టాను. పెట్టిన నా చెయ్యి మీద కూడా నాకు అసహ్యం వేసింది.

బయటికి వస్తుంటే వరండాలో ఒకామె ఊడుస్తోంది. చేతిలో మా పొరకే. గోడవారన ఇంకో ఐదారు ఆనించి ఉన్నాయి. పెద్దమ్మ బిగించిన ముడిని నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. నేను నిలబడి చూస్తుంటే ఆమె నవ్వింది.

"ఏంటికక్కా అట్ల చూస్తాండావు? కొత్త పొరకలు. మూల మూలా దుమ్ము లాక్కొస్తాండాయి. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్‌వి ఇచ్చి మా నడుములు ఇరగ్గొట్టినారు. ఇవి యాడ దొరుకుతాయో ఏమో."

ఆటో ఎక్కి కూర్చుని ఏడ్చాను.

సరుకు వెనక్కి వచ్చిందని ఆ రాత్రే పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పి, మర్నాడు ఉరవకొండ బస్సెక్కాను. చేసిన పనికి కూలి ఇవ్వగలిగాను గాని, దుకాణంలో వెయ్యి పొరకలు పేరుకుపోయి ఉంటే ఇంకా కట్టమని ఎలా చెప్పను? పెద్దమ్మ ఇంటి ముందు గోనెసంచిలో గిన్నెలు సర్దుతోంది. జరిగిందంతా చెప్పాను. కొసరు వల్లే పోయిందని చెప్పడానికి నోరు రాలేదు గాని, చెప్పాను. ఆమె చేతిలో గిన్నెను సంచిలోకి వేసి నావైపు తిరిగింది.

"ఆ యాభై వాళ్ళే వాడుకుంటాండారా?"

"ఊఁ."

"బాగా ఊడుస్తాండాయంటనా?"

"ఊడుస్తాండాయి పెద్దమ్మా."

"ఇంకేం మరి. అవి కొసరు కదా పాపా, కొసరిచ్చినాక తిరిగి అడగకూడదు" అంది. ఆమె మొహంలో ఒక పక్క సంతోషం కూడా కనిపించింది. నాకు ఆమె మీద కోపమొచ్చింది. ఆ కార్యాలయం మీదకంటే ఎక్కువ కోపం. అరిస్తే బాగుండు, నన్ను తిడితే బాగుండు అనిపించింది. ఆమె తిట్టలేదు. ఇంటికి తాళం పెట్టి, తాళంచెవి కొంగున కట్టుకుంది.

సాయంత్రం బెంగుళూరు బస్సు వచ్చింది. ఐదుగురూ సంచులు పట్టుకుని ఎక్కేశారు. పెద్దమ్మ మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు పట్టేసి అక్కడే ఆగిపోయింది. వెనకాల జనం తోసుకుంటున్నారు, కండక్టర్ తొందర పెడుతున్నాడు. ఏ మోకాలిని చూసి మాటిచ్చానో అదే మోకాలిని చేత్తో పట్టుకుని, నడుముకు ఇంకో చెయ్యి ఆనించి, ఇటుకలు మోసే పనికి ఆమెను నేనే ఎత్తి బస్సెక్కించాను.