పన్ను నొప్పికి పోయినవాడు

పన్నుకు వైద్యం చేయించుకుంటే ప్రాణం పోదంటారు. నాకు పోయింది. కాసేపే అనుకోండి, అయినా ఏడవాల్సినవాళ్లు ఏడ్చేశారు. పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు నవ్వుకోండి, చెబుతాను.

ఆ సాయంత్రం తళవాయిపురం నుంచి పిల్ల తల్లిదండ్రులు మా ఇంటికి రావాలి. నన్ను చూసి, వీధిలో నలుగురినీ విచారించి, సరే అనుకుంటే ఖాయం చేసుకుంటారు. అంతకు ముందు వచ్చిన రెండు సంబంధాలూ విచారణ దగ్గరే వెనక్కి తిరిగాయి. మా వీధివాళ్లకు అబద్ధం చెప్పే అలవాటు లేదు, అదే చిక్కు!

పన్ను ఆ ముహూర్తమే చూసుకుంది. మధ్యాహ్నం పరుగెత్తి రూట్ కెనాల్ చేయించుకున్నాను. చెంప పూరీలా పొంగింది.

"ఐసును గుడ్డలో చుట్టి చెంప మీద పెట్టండి. కాసేపు పెట్టి, కాసేపు తీసేయండి" అంది డాక్టరమ్మ.

తీయడమెందుకు? ఉంచేస్తే రెట్టింపు గుణం కదా! నా బి.కాం. బుర్ర లెక్క తేల్చింది. నేను పని చేసేది సర్జికల్ బట్ట మిల్లులో. ఇంట్లో ఉప్పు అయిపోవచ్చు గానీ బ్యాండేజీ అయిపోదు. గడ్డం కింది నుంచి రెండు చెంపల మీదుగా లాగి, నడినెత్తిన ముడి వేశాను. ఐసు కదిలితే ఒట్టు! అద్దంలో చూసుకుంటే ఈ కట్టు ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు. మీకు వచ్చే ఉంటుంది.

పక్కింటి మరమగ్గాల మోత వినపడకుండా చెవుల్లో దూది కూడా పెట్టుకున్నాను. ముందు గదిలో చల్లని గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను. మాత్ర నిద్ర తెచ్చింది. అమ్మ పూలు కొనడానికి బజారుకు వెళ్లింది.

అప్పుడు ఎదురింటి సీతమ్మవ్వ చక్కెర అడగడానికి వచ్చింది. చావింట్లో ఒప్పారి పాడి ఏడవాలంటే మా వీధికి అవ్వే దిక్కు. నా తలకు శవాల దవడకట్టు చూసింది. చెంప తాకింది.

"అయ్యయ్యో! జిల్లని అయిపోయినాడే!"

గుండెలు బాదింది. తనవి కాదు, నావి. ఆ దెబ్బకు చెవిలో దూది ఊడింది, నాకు మెలకువ వచ్చింది.

"నాలుగింటికే లేసే కొడుకే! పేక పట్టి సీట్లాట ఆడని కొడుకే! అమ్మకి దినమూ కాఫీ పోసిచ్చే కొడుకే!"

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అవ్వ నావి చేటంత చేసింది. నా జన్మలో ఎవరూ నన్ను ఇంత మెచ్చుకోలేదు. నిజం చెప్పొద్దూ, లేవబుద్ధి కాలేదు.

వాకిట్లో ఆటో ఆగింది. పళ్ల తట్టతో పిల్ల తండ్రి, వెనకే పిల్ల తల్లి! అవ్వ పాటంతా వింటూ గడపలోనే నిలబడిపోయారు.

"ఎట్ల పోయినాడమ్మా?"

"పల్లునొప్పికి పోయినాడు సామీ! ఎవురైనా పోతారా? వీడు పోయినాడే!"

ఇక లాభం లేదు. లేచి కూర్చుని "నేను బతికే ఉన్నా" అన్నాను. మత్తు దిగని నోరు, పైన కట్టు... "ఊఁ ఊఁ ఊఁ" అని వచ్చింది. పళ్ల తట్ట గాల్లోకి లేచింది. ఆపిల్ పండ్లు వీధిలోకి దొర్లాయి. పిల్ల తల్లి ఆటోలో ఉంది. ఎప్పుడు ఎక్కిందో ఆటోవాడికే తెలియదు.

అవ్వ మాత్రం కదల్లేదు. "పండుకోరా! ఇంగా సగం పాట ఉండాది!"

అంతలో అమ్మ పూలతో వచ్చింది. "ఏమిరా ఈ కోలం, ఈ వేషం!" అంటూ ముడి విప్పింది. కరిగిన ఐసు అందరి ముందూ జారి పడింది.

నా పెళ్లి కూడా దానితోనే జారిపోయిందనుకున్నాను. పిల్ల తండ్రి చెమట తుడుచుకున్నాడు.

"వీదిలో ఇంగ ఎవుర్నీ అడగబన్లేదమ్మా. బతికుండేవాడికోసరం ఎవురైనా అబద్దం చెప్తారు. పోయినోడి తలకాడ చెప్తారా? మాకు సరి!"

నా పన్ను విరిగి నేతిలో పడింది.

ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి మా ఆవిడ దుప్పటి లాగుతుంది. "నాలుగింటికే లేసే మనిసిని కదా నాకు మాట్లాడినారు? ఆయన ఏమైనాడు?"

"ఆ దినమే పోయినాడు" అంటాను.

అందుచేత మిగిలిన పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఐసును చేత్తోనే పట్టుకుంటాను. కాసేపు పెట్టి, కాసేపు తీస్తాను. నడినెత్తిన ముడి మాత్రం నా చేతులతో నేను వేసుకోను. ఆ పని ఎప్పుడో ఒకనాడు వేరేవాళ్లు చేయాల్సిందే.