రోజ్‌మేరీ కొమ్మలు, అత్తమ్మ చెంబు

టైఫాయిడ్ తగ్గాక నా జుట్టు కుప్పలుగా రాలింది. రోజ్‌మేరీ ఆకు మరిగించిన నీళ్లు తలకు రాస్తే మంచిదని మా బడిలో తోటి టీచరొకామె చెప్పింది. హైదరాబాద్ నుంచి గద్వాలకు వస్తుంటే కొత్తకోట దగ్గర రోడ్డు పక్క నర్సరీలో ఒక్క మొక్క దొరికింది. వారం రోజులు ఆకు కోసేసరికి దాని సగం కొమ్మలు బోడిగా తేలాయి. ఒక్క మొక్కతో పని జరగదు, కొమ్మలు నాటి పిల్ల మొక్కలు చేసుకోవాలనుకున్నాను.

తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

మొదటిసారి ఎనిమిది కొసలు కత్తిరించి, కింది ఆకులు దూసేసి, పెరట్లోని నల్లమట్టి తెచ్చి కుండీలో గుచ్చాను. పది రోజులకు అన్నీ నల్లబడ్డాయి. మట్టి బరువైందేమోనని రెండోసారి ఇసుక, కొబ్బరిపొట్టు కలిపాను. లాగి చూస్తే అడుగులు కుళ్లిపోయి ఉన్నాయి. మూడోసారి వేళ్లు పుట్టించే పొడి కొనుక్కొచ్చి అద్దాను. మళ్లీ అదే కుళ్లు. అప్పటికి ఫోన్లో ఎన్ని వీడియోలు చూశానో లెక్కలేదు. తడి ఆరాకే నీళ్లు పోయాలని అందరూ చెప్పేవాళ్లు. నేను పోసేది నాలుగు రోజులకోసారి. అయినా కుండీ ఎప్పుడు ముట్టుకున్నా తడిగానే ఉండేది. చలికాలం కదా, ఆరడం లేదనుకున్నాను.

ఒకరోజు బడి ఒంటిపూటే నడిచింది. గేటు తీసేసరికి మా అత్తమ్మ చెంబుతో ఆ కుండీ మీదికి వంగి ఉంది. మా ఆయన మగ్గం నేస్తాడు, ఆమె పొద్దంతా రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. నడుం పట్టేసినప్పుడల్లా లేచి మొక్కలకు నీళ్లు పోస్తుంది.

"అత్తమ్మా, దానికి గూడ దినాం పోస్తున్నవా?"

"మూడుసార్లు పోస్త. పాపం, ఎట్ల వాడిపోతున్నయో చూడు."

"నీళ్లు ఎక్కువైతేనే సస్తది గది. మూడు నెలల సంది పరేషాన్ అయితున్న. నిన్ను ఎవరు పొయ్యమన్నరు?"

నా గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది. ఆమె చెంబు కింద పెట్టింది.

"నాకేం తెల్వదు బిడ్డా. ఎండినట్లుంటే నీళ్లు లేకనే అనుకున్న," అని లోపలికి పోయి రాట్నం ముందు కూర్చుంది.

మరునాటి నుంచి ఆమె ఏ మొక్కకూ నీళ్లు పోయలేదు. మూడో రోజుకు మల్లె తల వాల్చేసింది. తప్పైందని చెప్పాను. "గదేం లేదు తియ్," అంది కానీ చెంబు ముట్టలేదు. బడికి పోయే తొందరలో పెరడంతా నేనే తడపాల్సి వచ్చింది. ఆమె మీద కోపం పోయింది, నా మీద నాకు చిరాకు మిగిలింది.

అప్పటికి నా జుట్టు దానంతటదే మొలుస్తోంది. అయినా పంతం వదల్లేదు. తల్లి మొక్కకు మిగిలిన నాలుగు కొమ్మలూ కోసి నాటి, మెట్ల కింద నీడన పెట్టాను. నెలన్నరకు మెల్లగా లాగితే రెండు కొమ్మలు మట్టిని వదల్లేదు, వేళ్లు పట్టాయి. అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె ఒక ఆకు నలిపి వాసన చూసింది.

"దీనికేనా గింత లొల్లి చేసినవ్?"

ఎండాకాలం రాగానే ఒకటి మాడిపోయింది. అంతగా కత్తిరించాక తల్లి మొక్క కూడా బతకలేదు. మిగిలింది బెత్తెడు మొక్క ఒక్కటే. అత్తమ్మ ఇప్పుడు మల్లెకు మళ్లీ నీళ్లు పోస్తోంది. ఈ కుండీకి మాత్రం ఆమడ దూరంలో ఉంటుంది. వారం రోజులు పుట్టింటికి పోవాల్సివచ్చి, జర చూడమని బతిమాలితే, "అది నీది, నువ్వే ఎంబడి తీస్కపో," అంది. ఆ కుండీని బస్సులో ఒళ్లో పెట్టుకుని కల్వకుర్తి దాకా మోశాను.