మావయ్య అక్కడికే వస్తున్నాడు

సీతారామాంజనేయులు ఏ సంగతి చెప్పినా విత్తనం దగ్గర్నుంచి మొదలుపెడతాడు. టైమెంతయింది మావయ్యా అని మేనకోడలు భవ్య అడిగితే, ఆ వాచీ ఏ ఏడాది మిరప పండితే కొన్నాడో, కొన్న రోజు ఒంగోల్లో ఏం కూర తిన్నాడో చెప్పేసరికి గంట మారిపోయేది. తొందరపెడితే, "అక్కడికే వస్తన్నా" అనేవాడు. వచ్చిన దాఖలా మాత్రం లేదు.

రెండువేల రెండులో, మిరపకోతల రోజుల్లో, భవ్యను హైదరాబాదుకు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి తీసుకెళ్లింది ఆయనే. ఆరు నెలలు జావా బట్టీపట్టిన పిల్లను జావా ఊసే అడగలేదు. లోపలున్నాయన కాగితాలు తిరగేసి, "ఎక్స్‌పీరియన్స్ లేదా?" అన్నాడు. లేదంది. "ఇప్పుడు ఫ్రెషర్స్‌ని తీసుకోవటం లేదమ్మా." అంతా కలిపి మూడు నిమిషాలు.

తిరుగు ప్రయాణమంతా భవ్యకు ఒకటే దిగులు. పొద్దున్నే ఇంటిముందు జనం ఉంటారు. 'రాలేదు' అనే మాట వాళ్లందరి ముందూ తన నోటితో తనే అనాలి.

ఉండనే ఉన్నారు. కోతకు బయల్దేరిన ఆడవాళ్లు గోతాలు చంకన పెట్టుకుని మరీ ఆగారు. భవ్య పెరట్లో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అందరికన్నా ముందు పక్కింటి రాజ్యం నిలబడి ఉంది.

"ఏమే, ఉజ్జోగం వచ్చిందా?"

భవ్య నోరు తెరిచేలోపే అరుగు మీంచి మావయ్య గొంతు లేచింది.

"చెప్తా కూచో రాజ్యం. పొదిలిలో బస్సెక్కామా, డ్రైవరెవరనుకున్నావు? హుస్సేన్ సాహెబ్ అల్లుడు."

"బస్సు సంగతి నాకెందుకన్నయ్యా, ఉజ్జోగం..."

"అక్కడికే వస్తన్నా. ఆ సాహెబ్‌కి ఒక గేదె ఉండేది."

గేదె ఈనింది. దూడ ఎదిగి పెద్దదయింది. బస్సు మాచర్ల చేరి పంచరయింది. ఆ పంచరు వేసినవాడి పెళ్లిచూపులు నడుస్తుండగా ఎండ ముంగిట్లోకి వచ్చేసింది. చేలో నుంచి మేస్త్రి కేకలేసుకుంటూ వచ్చాడు.

"కాయలు కోస్తారా, కతలింటారా?"

ఒక్కొక్కరే జారుకున్నారు. రాజ్యం కదల్లేదు.

"ఒక్క ముక్కలో చెప్పన్నయ్యా."

"ఒక్క ముక్కలో తేలేదానికి అంత దూరం పోతామంటమ్మా?"

భవ్య మెల్లగా వంటింట్లోకి వెళ్లింది. తల్లి సుబ్బరావమ్మ వేడి అట్టు పళ్లెంలో వేసి ముందు పెట్టింది.

"అమ్మా, అక్కడ..."

"తెలుసులే, తిను. నువ్వు కాళ్లు కడుక్కుంటంటే మీ మావయ్య వచ్చి చెప్పాడు. ఉజ్జోగం రాలా, పిల్లనేం అడగమాక అన్నాడు."

"ఆ తర్వాత?"

"అంతే."

"గేదె గురించి చెప్పలేదా?"

"లేదే. నాకే భయమేసింది. అన్నయ్యకి ఒంట్లో బాలేదేమోనని నుదురు మీద చెయ్యేసి చూశా."

భవ్యకు నవ్వాగలేదు. నవ్వుతూనే రెండో అట్టు అడిగింది. బయట రాజ్యం ఒక్కతే మిగిలింది. మావయ్య బస్సు ఇంకా సాగర్ దాటలేదు.